నాన్నమ్మ గుండ్ల పేరు మిషన్‌లో 58 చూపించింది, కరిగించేయాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఏమనుకోకండి.

మాఘంలో మా చెల్లి పెళ్లి. పది గ్రాములు లక్ష దాటాక కొత్తగా ఏం కొంటాం, ఇంట్లో ఉన్న పాతవన్నీ ఇచ్చేసి ఒక నెక్లెస్ చేయిద్దామని అమ్మ పట్టు. ఆ పాతవాటిలో మా నాన్నమ్మ గుండ్ల పేరు, అంటే బంగారు గుండ్ల దండ, ఉంది. ఒంటిపేట, 54 గుండ్లు, ఎర్ర పట్టుదారానికి గుచ్చినది. 1964లో నాన్నమ్మ పెళ్లికి మా ఊళ్లోనే చేయించారు.

మొన్న బరంపురంలో ఒక షాపుకి తీసుకెళ్లాం. దారంతో కలిపి 53 గ్రాములు తూగింది. లోపల లక్క ఉంటుంది కాబట్టి 12 గ్రాములు తీసేస్తామన్నాడు. తర్వాత బంగారం ఎంత శాతమో చూపించే మిషన్‌లో పెడితే 58.4 వచ్చింది, ఇంకో గుండుకి 58.1, ఒక్కదానికి మాత్రం 71. 22 క్యారెట్ల 916 అంటే 91.6 శాతం, అదెక్కడ, ఈ 58 ఎక్కడ! చివరికి అన్నీ పోను 22 క్యారెట్ల లెక్కన 24 గ్రాములకు కడతానన్నాడు. అమ్మ మొహం వాడిపోయింది. వచ్చేటప్పుడు బస్సులో ఒకటే మాట, "కంసాలి ముంచేశాడని మీ నాన్నమ్మ ఊరికే అనేది కాదు" అని.

దాని వెనక కథ ఉంది. 1983లో బావి తవ్వించడానికి ఈ పేరు తాకట్టు పెట్టబోతే, సేటు గీటురాయి మీద గీసి చూసి, అనుకున్నదాంట్లో సగమే ఇస్తానన్నాడట. ఆ రోజు నుంచి మా తాతయ్య ఆ కంసాలి ఇంటి ముందు నుంచి నడవడం మానేసి, బజారుకి వెళ్లాలంటే చెరువు గట్టు చుట్టూ తిరిగి వెళ్లేవాడట. చనిపోయేదాకా అంతే.

నాన్నమ్మ పెట్టెలో ఒక కాగితం దొరికింది. ఊదారంగు పెన్సిల్‌తో తెలుగులో "గుండ్ల పేరు 1కి, గుండ్లు 54, 4 భరి, 14" అని ఉంది. 14 తేదీ అయ్యుంటుంది, నెల రాసిన మూల చిరిగిపోయినట్టుంది. షాపువాడికి చూపిస్తే "నాలుగు భరి అంటే నలభై గ్రాములేనమ్మా, మేం 41కి కడుతున్నాం, ఒకటి ఎక్కువే" అన్నాడు. మా ఊరి సంగతి తెలుసుగా, 1936లో ఒడిశాలో కలిశాం గానీ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. అక్కడి చుట్టాలు కాసుల్లో మాట్లాడతారు, ఇక్కడి బజారు భరిలో, కొత్త షాపులు గ్రాముల్లో. నాకు మూడూ కలిసిపోయి తల తిరుగుతోంది.

నన్నడిగితే కరిగించాలని లేదు. కానీ 58 పెట్టుకుని దాచుకుని ఏం లాభం అంటోంది అమ్మ. మీరేమంటారు?

పెట్టుబడి మాస్టారు:

ఆలోచించడానికేం లేదు, రేటు బాగున్నప్పుడే కరిగించెయ్యండి. హాల్‌మార్క్ లేని పాత నగలు ఇక ముందు ఎవరూ తీసుకోరు, నగ మీద వేసే గుర్తింపు నంబరు, అదే హెచ్‌యూఐడీ, వచ్చేశాక అంతా క్లోజ్. పైగా పాతకాలం నగలు కేడీఎం కావు కాబట్టి ప్యూరిటీ ఎలాగూ తక్కువే. సెంటిమెంటుకి వడ్డీ రాదు.

సిరొంచ అక్క:

చెల్లెమ్మా, మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా దగ్గర లెక్క తులాల్లో, అది కూడా ముసలోళ్లు చెప్పే తులం వేరు, షాపోళ్లు చెప్పే తులం వేరు. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు లెక్క సులువని పది గ్రాములకే తులం అంటున్నారు. మీ భరి కూడా ఆ పాత తులమే. నాలుగు భరి అంటే 46.66 గ్రాములు, నలభై కాదు. ఆ ఒక్క మాటలోనే ఆరున్నర గ్రాములు ఎటు పోయాయో చూసుకో.

ఇక నా సంగతి చెప్తా, నవ్వకు. ఏడెనిమిదేళ్ల కింద మా అమ్మ గుండ్లు, రెండు ఉంగరాలు, మా అత్తగారి కమ్మలు, ఒక తెగిన గొలుసు అన్నీ ఒక్కసారే సోనార్ ముందు పోశాను. అన్నీ ఒకే మూసలో వేసి కరిగించాడు. చివరకు ఒక ముద్ద వచ్చింది, 70 శాతం అన్నాడు. ఇందులో ఏది మంచిది, ఏది నాసిది అని అడిగితే "కలిసిపోయింది కదా, ఎట్లా చెప్తా" అన్నాడు. ఆయన తప్పు కాదు, నా తొందర. మా అత్తగారి కమ్మలు మంచి బంగారమని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట నిజమో కాదో తేల్చుకునే దారి కూడా లేకుండా చేసుకున్నా. దాంతో చేయించిన గొలుసు రెండేళ్లకే కొక్కెం దగ్గర తెగింది.

కరిగించేదైనా ఒక్కొక్కటిగా, నీ కళ్ల ముందు. అన్నీ కలిపి మాత్రం ఇవ్వకు.

గీటురాయి (బరంపురం):

అమ్మా, ఆ కాగితం మీద 14 తేదీ కాదు. క్యారెట్లు.

24లో 14 అంటే 58.3 శాతం. మీ గుండ్లు చూపించింది 58.4, 58.1. పెన్సిల్‌తో ఆయన ఏం రాసిచ్చాడో, అరవై ఏళ్ల తర్వాత మిషన్ అదే చదివింది.

మేము విశ్వబ్రాహ్మణులం, మా తాత ఈ పనే చేసేవాడు కాబట్టి ఈ కథ మా ఇంట్లో వంద సార్లు విన్నాను. 1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం గోల్డ్ కంట్రోల్ రూల్స్ తెచ్చింది, అప్పుడు ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్. చైనా యుద్ధం అయిన కొత్త. జనానికి బంగారం మీద మోజు తగ్గించాలి, దొంగ బంగారం రాకుండా ఆపాలి అని, 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నారు. కొన్నేళ్లకు ఆ 14 నిబంధన సడలించారు గానీ, 1968లో గోల్డ్ కంట్రోల్ చట్టమే వచ్చింది, అది పోయింది 1990లో. మీ నాన్నమ్మ పెళ్లి 1964. సరిగ్గా మధ్యలో పడింది. అప్పుడు చాటుగా 22 చేసిచ్చినవాళ్లూ ఉన్నారు, లేరనను. మీ కంసాలి గారు భయపడ్డాడో, రూలుకి కట్టుబడ్డాడో, 14 చేశాడు. చేసి, 14 అని రాసిచ్చాడు. ముంచేవాడు ఆ అంకె తన చేత్తో రాసిస్తాడా?

దేశమంతా కంసాలులు ఆ దెబ్బకి పనుల్లేక వీధిన పడ్డారు. 14 క్యారెట్ల నగ మన ఆడవాళ్లకు నచ్చదు, రాగి పాలు ఎక్కువై ఎర్రగా కొడుతుంది, పెళ్లికి ఎవరు అడుగుతారు? మా తాత కుంపటి ఆర్పేసి బియ్యం మిల్లులో తూకం గుమాస్తాగా చేరాడు. గురిగింజ ఎత్తు తేడా వస్తే నిద్రపోని మనిషి, బస్తాలు తూచేవాడు. నేను పుట్టేసరికి మళ్లీ కుంపటి ముందే ఉన్నాడనుకోండి, కానీ ఆ మూడు నాలుగేళ్ల గురించి అడిగితే లేచి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు గుండు సంగతి. దీన్ని పోత పోయరు. బంగారం వెలిగారం వేసి మూసలో కరిగించి, కడ్డీ పోసి, దాన్ని సాగగొట్టి రేకు చేస్తారు. రేకు నుంచి చిన్న బిళ్లలు కత్తిరించి, గుంటలున్న దిమ్మె మీద పెట్టి గుండ్రటి మొన ఉన్న ఉలితో కొడితే చిప్ప వస్తుంది, సగం గోళీ లాగ. రెండు చిప్పలు అంచు కలిపి, టంకం పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊది అతుకుతారు. ఊపిరి ఒక్కటి ఎక్కువైతే చిప్ప కరిగి కూర్చుంటుంది. మీకు 54 గుండ్లంటే 108 చిప్పలు, అన్నీ ఒకే సైజు. తర్వాత కంతలోంచి వేడి లక్క నింపుతారు, అది లేకపోతే పల్చటి రేకు వేలితో నొక్కినా సొట్ట పడుతుంది. ఒక గుండు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడండి. లోపల కటకటమని చిన్న చప్పుడు వస్తే లక్క ఎండి వదులైందన్నమాట.

మిషన్ గురించి కూడా ఒక మాట. అది చూసేది పైపొరే. టంకం పెట్టిన అతుకు మీద పడితే ఒక అంకె, చిప్ప నడుమ పడితే ఇంకో అంకె. పైగా పాతరోజుల్లో మెరుగు పెట్టేటప్పుడు ఉప్పూ పులుసూ వేసి కాచితే పైన రాగి పోయి పసుపు తేలుతుంది, అలాంటప్పుడు లోపలికన్నా పైన ఎక్కువ చూపిస్తుంది. మీది అరవై ఏళ్లు అరిగింది కాబట్టి అసలు రంగు బయటపడింది. 71 చూపించిన గుండు తర్వాతెప్పుడో పోతే మార్పించినది అయ్యుంటుంది, దగ్గరగా చూస్తే అతుకు తీరు వేరుగా కనిపిస్తుంది.

నాకు అనుమానం వచ్చింది 58 మీద కాదు, ఆ 12 గ్రాముల లక్క మీద. కంటిచూపుతో లక్క తూకం ఎలా చెప్తాడు? కాగితం ప్రకారం బంగారం 46.66 అయితే, 53లో లక్కా దారం కలిపి ఆరు గ్రాముల చిల్లరే. అరుగుదల ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ ఆరు పన్నెండు అవదు. ఇంకా చూడండి, వాడి లెక్కే తీసుకున్నా 41 గ్రాముల్లో 58.3 శాతం అంటే 23.9 గ్రాముల అచ్చ బంగారం. దాన్ని 22 క్యారెట్లకు మారిస్తే 26. మీకు చెప్పింది 24. ఆ రెండు గ్రాములు దేనికని అడిగారా?

మీ ఊళ్లోనే తెలిసిన కంసాలి దగ్గర కూర్చుని రెండు గుండ్లు తీయించండి. సన్నటి మంట మీద వేడి చేసి సూదితో లక్క లాగేస్తారు. ముందూ వెనకా తూకం వేయించి 54తో లెక్క కట్టుకోండి. ప్యూరిటీ మీద ఇంకా అనుమానముంటే హాల్‌మార్కింగ్ సెంటర్‌లో మామూలు మనుషులు కూడా టెస్టు చేయించుకోవచ్చు, నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు, పైన జీఎస్టీ.

మాస్టారు గారూ, కోపం వద్దు గానీ రెండూ తప్పు చెప్పారు. కేడీఎం అంటే స్వచ్ఛత కాదు, కాడ్మియం కలిపిన టంకం. ఆ పొగ పీల్చి పనివాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయనే దాన్ని వదిలేశారు. ఇక హాల్‌మార్క్ రూలు అమ్మే షాపుకి. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేకుండా షాపులు అమ్మకూడదు. మన ఇంట్లో ఉన్న పాత నగ మనం షాపుకి అమ్ముకోవడానికి అడ్డం లేదు. కొత్తది కొన్నప్పుడు మాత్రం ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి, అది మంచి అలవాటే.

పెట్టుబడి మాస్టారు:

కేడీఎం సంగతి తెలియదు, ఇన్నాళ్లూ అదో క్యారెట్ అనుకున్నా. బోర్డుల మీద అంత పెద్ద అక్షరాలతో రాసేవాళ్లు మరి. కానీ నా అసలు మాట మీద నేనున్నా. 14 క్యారెట్లదైనా బంగారం బంగారమే, బీరువాలో పడుంటే ఏం పిల్లల్ని పెడుతుందా?

సిరొంచ అక్క:

మాస్టారూ, కరిగించి కొత్తది కొంటే మజూరి, తరుగు, 3 శాతం జీఎస్టీ మళ్లీ మొదటి నుంచి కట్టాలి కదా. అది కూడా లెక్కలో వేసుకోండి. గుండ్ల మజూరి అరవై ఏళ్ల కిందే కట్టేశారు.

కొత్తపేట కోడలు:

మధ్యలో దూరుతున్నా. ఇలాంటి పాత పనికి కటక్ తీసుకెళ్తే బాగు చేస్తారు అంటారు, అక్కడ తారకసి పనివాళ్లు ఉంటారు కదా?

గీటురాయి:

తారకసి వేరే విద్య అమ్మా. అది వెండి తీగతో అల్లే పని, 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చేతులు బంగారమే గానీ లక్క గుండ్లతో వాళ్లకు పని లేదు. దీనికి అంత దూరం అక్కర్లేదు. మన ఊళ్లలో అరవై దాటిన ఆచారి గారెవరైనా ఇంకా కుంపటి పెడుతున్నారేమో వాకబు చేయండి చాలు. షాపుల వెనక కూర్చునే కుర్రాళ్లలో చాలామందికి మిషన్ గొలుసు అతకడమే వచ్చు, లక్క గుండుకి అలాగే మంట పెడితే లోపల ఆవిరి పట్టి టప్పున పగులుతుంది.

మహేంద్రతనయ:

పది రోజులైంది, పెళ్లి పనుల్లో పడి రాయలేకపోయా. గీటురాయి గారూ, మీ పోస్టు ఇంట్లో పైకి చదివి వినిపించాను. 14 దగ్గరికి వచ్చేసరికి నాన్న కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. "మా నాన్నకి చదువు రాదు, వేలిముద్ర మనిషి" అని ఆ ఒక్క మాట అని లేచి వెళ్లిపోయాడు. ఆ కంసాలి గారి వాళ్లు ఎప్పుడో ఇల్లమ్ముకుని వెళ్లిపోయారు. ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఇప్పుడా ఇంట్లో మొబైల్ రీచార్జి కొట్టు ఉంది.

మీరు చెప్పినట్టే మా వీధి చివర ఒక ముసలాయన దగ్గర కూర్చున్నాం. గుండు చేతిలోకి తీసుకుని గోటితో అంచు తడిమి, ఏమీ అడక్కుండానే "కంట్రోలు రోజులదా?" అన్నాడు. రంగు చూసే చెప్పాడట. 22 అయితే ఈపాటికి సగం గుండ్లు సొట్టలు పడేవి, ఇది గట్టిది కాబట్టి నిలిచింది అన్నాడు. రెండు గుండ్లు తీశాడు. లక్కతో ఒక్కోటి 0.97 గ్రాము, లక్క పోయాక 0.84. అంటే 54కి 45.36 గ్రాముల బంగారం, లక్క ఏడు గ్రాములు, మిగతాది దారం. 12 కాదు! లోపల్నుంచి వచ్చిన లక్క నల్లగా, మిరియపు గింజంత ఉంది. ఎండిపోయి వేలితో నలిపితే పొడైంది.

71 గుండు గురించి కూడా మీరన్నది నిజమే. మా పెద్దత్తకి గుర్తుంది, చిన్నప్పుడు దారం తెగి ఒక గుండు నూతిలో పడిపోతే పాతపట్నంలో చేయించి గుచ్చారట.

మళ్లీ ఆ షాపుకి ఫోన్ చేసి లెక్క చెప్తే "తీసుకురండి మేడమ్, చూసి సర్దుబాటు చేద్దాం" అన్నాడు. వెళ్లలేదు. విరిగిన గాజులు రెండు, ఒంటి దుద్దు ఒకటి మాత్రం విడివిడిగా కరిగించి కొత్త గొలుసుకి ఇచ్చాం, ఈసారి వేరే చోట. గొలుసు సన్నగా ఉందని అమ్మకి అసంతృప్తే, రోజుకోసారి అంటూనే ఉంది, పెళ్లిలో అందరూ ఏమనుకుంటారో అని టెన్షన్. చెల్లి మాత్రం గుండ్ల పేరు వేసుకుంటానంది, కొత్త పట్టుదారం ముదురాకుపచ్చ కావాలట.

ఒక చిక్కు మిగిలింది. తీసిన రెండు గుండ్లలో లక్క నింపడానికి ఆ ముసలాయన దగ్గర సరైన లక్క లేదు, తెప్పిస్తానని రోజులు గడిపేస్తున్నాడు. ముహూర్తం దగ్గర పడింది. ఖాళీగానే గుచ్చేయొచ్చా? లేకపోతే ఇంట్లోనే సీలు లక్క కరిగించి పోసుకోవచ్చా?

గీటురాయి:

ఖాళీగా గుచ్చొద్దు, పెళ్లి జనంలో ఎవరైనా గట్టిగా కౌగిలించుకున్నా సొట్ట పడుతుంది. సీలు లక్క అసలు వద్దు, గ్యాస్ పొయ్యి మీద ప్రయోగాలు అసలే వద్దు. దారం 52 గుండ్లకే గుచ్చించుకోండి, రెండు తగ్గితే ఎవరికీ తెలియదు. నాకు తెలిసినాయన ఇక్కడ ఉన్నాడు, పెళ్లయ్యాక బరంపురం వచ్చినప్పుడు తెండి, అరగంట పని. అప్పటిదాకా ఆ రెండూ దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టండి. పర్సులో చిల్లరతో కలిపి మాత్రం వేయకండి.